పొగ ఐసు పెట్టె మూత

పిల్లలూ, మీరు భావనపాడుకి దూరంగా పెరుగుతున్నారు. ఈ కథ మీ చెవిన పడి ఉండదు. వినండి.

అరవై ఎనిమిదిలో, రొయ్యలు కొనే కంపెనీ ఒకటి విశాఖపట్నం నుంచి డ్రై ఐసు, అంటే కరిగి నీరు కాకుండా గ్యాసైపోయే పొగ ఐసు, నింపిన చెక్కపెట్టె పంపింది. తెచ్చినవాడు లారీ క్లీనరు అప్పలసూరి. టీ కొట్టు ముందు దింపాడు. వదులు మూత సందుల్లోంచి తెల్లటి పొగ నేలమీదికి జారిపోతుంటే బుల్లమ్మ ప్రాణం ఉసూరుమంది. అందులో పెట్టి పంపాల్సిన రొయ్యలన్నీ ఆమెవే. చల్లదనమంతా ఇలా కారిపోతే దారిలోనే కుళ్లిపోవూ? పైగా లారీ వెనక పెట్టెతోపాటు వెళ్లేది ఆమె మొగుడు నూకయ్య. పడవ అతుకులు పూడ్చడంలో అతని తర్వాతే ఎవరైనా. బుల్లమ్మ చెప్పగానే మూత సందులు పూడ్చడానికి గోగునార, గుగ్గిలం తెచ్చి, గుగ్గిలాన్ని కొట్టు పొయ్యిమీదే కాచడం మొదలెట్టాడు.

"మూత మూసీమంటావేటి, బావా?" అని బుల్లమ్మ అప్పలసూరిని అడిగింది.

అవునో కాదో చెబితే సరిపోయేది. కానీ చుట్టూ జనం చేరారు, అప్పలసూరి చేతికి టీ గ్లాసూ వచ్చింది.

"నన్నడుగుతావేటి బుల్లమ్మా! పోయినేడు నెల్లిమర్ల నుంచి ఇలాటి పెట్టె నానొక్కడ్నే మోసినాను. ఒట్టి సేతుల్తో!"

"సెయ్యి కాలిపోదేటి?" అన్నాడు నూకయ్య.

"నీకు కాల్తాది. నన్ను ముట్టుకుని ఐసే వణికిపోనాది! మూత కొట్టీసి, నార కుక్కీసి, గుగ్గిలం పూసీసి దానిమీదే కూకున్నాను. ఆ తర్వాత ఏటైందో తెల్సా? రామతీర్థం దాటేసరికి ఇంజను సల్లబడిపోయి, డ్రైవరు దానికి కంబళి కప్పినాడు. నాగావళి వంతెన మీద కాసింత పొగ కిందికి జారిందో లేదో, ఏరు గడ్డకట్టీసింది!"

"మూసీసినావు గదా, పొగెక్కడిది?" అన్నాడు కొట్టువాడు.

"పెట్టెది కాదెహె, నా ఒంటిది! ఎడ్లబళ్లు ఏటిమీదే నడిసెల్లిపోనాయి. లోపల గేసు బుసలు కొడతన్నాది, పెట్టె పైకెగరబోతన్నాది, నాను ఒంటి తొడతో అణిసిపెట్టినాను. సంద్రం కాడికొస్తే కెరటం నన్ను సూసి లేసింది లేసినట్టే ఆగిపోనాది!"

అందరూ నవ్వారు. బుల్లమ్మ నవ్వలేదు. మూత మూయొచ్చన్న మాట ఒక్కటే ఆమె చెవికెక్కింది.

"మూసీ" అని మొగుడికి చెప్పింది. నూకయ్య మూత బిగించి, నార కుక్కసాగాడు. ఆమె అప్పలసూరి వైపు తిరిగింది. "బావా, మా ఆయన తొడలో అంత బలం నేదు. నువ్వే కూకో దానిమీద. ఇప్పుడే, గుగ్గిలం సల్లారకముందే."

అప్పలసూరి చేతిలో గ్లాసు జారి పడింది.

"ఒరే నూకయ్యా, ఆపరా! మూస్తే పేల్తాది! గేసు ఎల్లడానికి దారుండాల! ఎనకాల కూకుంటే లారీ టార్పాలిన్ పట్టా ఎత్తి కట్టుకో, నేకపోతే ఊపిరాడదు. ఒట్టి సెయ్యెట్టకండి, గోనె సుట్టుకోండి! కంపెనీ ఓల్లు మరీ మరీ సెప్పి పంపినారు!"

నూకయ్య నారంతా పీకేసి మూత వదులు చేశాక గానీ బుల్లమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

"మరి నెల్లిమర్ల పెట్టెలో ఏటున్నాది, బావా?"

అప్పలసూరి అప్పటికే కొట్టు వెనక్కి చేరాడు. అక్కణ్ణుంచే చెప్పాడు:

"గోనె సంచులు."

నూకయ్య పట్టా ఎత్తి కట్టుకుని వెళ్లాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. పిల్లలూ, మీ పిల్లలకీ ఈ కథ చెప్పండి. ఏటికి బదులు సముద్రాన్నే గడ్డకట్టించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మూత మాత్రం వదులుగానే ఉంచండి.