స్టీలా, కమాను పట్టీయా

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనకున్న కొలిమి దగ్గర ఆమె రెండు కత్తులు చేతుల్లోకి తీసుకుంది. వాచి మూసుకుపోయిన ఆమె కన్ను చూసి కమ్మరి తల తిప్పుకున్నాడు.

“అది స్టెయిన్‌లెస్ స్టీలమ్మా. తుప్పు పట్టదు గాని పదును బేగి పోతాది. ఇది లారీ కమాను పట్టీతో సేసేను. ఎముక తగిలినా అంచు వంగదు. రోజూ తుడిసి నూని రాయాల.”

“రోజూ వాడను మావా. ఒక్కపాలే.”

“ఏటి కొయ్యాల?”

“పీక.”

“మేకదా?”

“మా ఆయనది. రాత్రి నా కంటిమీద గుద్దితే ఊరుకున్నాను. పొద్దున్న పాపని గోడకేసి కొట్టేడు.”

కమ్మరి సుత్తి కింద పెట్టాడు.

“పాప ఎలాగుంది?”

“ఆస్పత్రిలో ఉంది. తెలివి రాలేదు. మాయమ్మ దాని కాడ కూకుంది. ఆడు తాగి ఇంట్లో పడున్నాడు. ఏది బాగా తెగుతాదో సెప్పు.”

“నువ్వు జైలుకెళ్తే పాప తెలివొచ్చి లేసి ఎవరికోసం ఎతుక్కుంటాది?”

“లేవకపోతే?”

అతను ఆమె చేతుల్లోంచి రెండు కత్తులూ మెల్లగా లాక్కుని నిప్పుల్లో పడేశాడు. ఎర్రగా కాలితే ఏ ఉక్కుకైనా పదును నిలవదు.

“పద, ముందు పాపని సూద్దాం. పాప లేవకపోతే కమాను పట్టీతో కొత్తది నేనే సేసిత్తాను.”

ఆటోలో కూర్చున్నాక ఆమె అడిగింది.

“నిజంగా సేసిత్తావా?”

“సేత్తాను.”

ఆ మాట ఆమెను ఆపడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో అతనికే తెలియలేదు.