తలుపు దగ్గర బుజ్జిగాడు

కూతురికి మూర్ఛ వచ్చేముందు కుక్క బుజ్జిగాడికి ఎలాగో తెలిసిపోతుంది. ఇప్పుడది బాత్రూం తలుపు గీరుతుంటే వంటింట్లో ఉన్న తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. గరిటె పడేసి పరుగెత్తుకొచ్చింది.

“గడియ తియ్యవే, బంగారం.”

“తలకి షాంపూ పెట్టుకున్నానమ్మా. నాకేం కాలేదు.”

“బుజ్జిగాడు ఊరుకోవడం లేదే.”

“మొన్నా ఇంతేగా! పక్కింటాయన్ని పిలిచి తలుపు పగలగొట్టించావు. తీరా చూస్తే వాడు అరిచింది బల్లిని చూసి. సిగ్గుతో చచ్చిపోయాను.”

“మొన్న అరిచాడే. ఇవాళ అరవడం లేదు, ఏడుస్తున్నాడు.”

లోపల నీళ్ల చప్పుడు ఆగింది.

“నువ్వు లోపలికి రాకూడదు మరి.”

“రాను, ఒట్టు. గడియ ఒక్కటీ తీసేసి నీ స్నానం నువ్వు చేసుకో.”

“అబ్బ, తీస్తున్నా. ప్రాణం తోడేస్తున్నావు.”

తడి చెయ్యి తలుపును తడుముతున్న చప్పుడు వినిపించింది. కింద నుంచి పైకి, మళ్లీ కిందికి. కుక్క గీరడం మానేసి తల్లి కాళ్లకి అంటుకుపోయింది.

“ఏమైందే? తియ్యి!”

“అమ్మా...” ఆ గొంతులో ఇందాకటి విసుగు లేదు. “మన గడియ ఎక్కడుంటుంది?”