కంప్యూటర్లో బతికున్న మొగుడు

ఏం కణ్ణూ, ఏం తల్లీ, మళ్లీ అదే పేచీనా? పొద్దున ఎనిమిదికి పోదనూరులో బస్సెక్కినాను. ఆడోళ్లకి టికెట్టు లేదు, ఆ సుఖానికేం తక్కువ లేదు. దిగినాక ఈ తాలూకాఫీసు వరసలో నిలబడి నిలబడి కాళ్లు పీకతా ఉండాయి.

అవతలి కౌంటర్లో అరవంలో కసిరి పంపినారు. నువ్వు ఇందుజవంట, మన తెలుగుపిల్లవంట. మంచిదాయె. ఈ రుక్మణి గోడు ఇంటిమాటలోనే చెప్పుకుంటుంది, కొంచెం విను.

గవర్మెంటును తిట్టను తల్లీ, నోరు పడిపోతుంది. రేషన్ బియ్యం ఊరికే ఇస్తారు. పొంగలుకి చీర. మనవరాలికి బడిలో పొద్దుటి టిఫిను. నెలనెలా నా పేరిట వెయ్యి. అన్నీ అడక్కుండానే వచ్చినాయి. ఆయన పోయినాక విధవ పింఛను అడిగితేనే చిక్కొచ్చి పడింది. "నీ మొగుడు బతికే ఉన్నాడు, ఇక్కడ కంప్యూటర్లో మొగుడి పేరు వీరప్ప అనుంది" అంటావు!

అయ్యో కడవుళే, దేవుడా! వీరప్ప నా మరిది, కణ్ణూ!

ఆ వెయ్యికి క్యాంపు పెట్టినప్పుడు, రాసేవాడు మొగుడి పేరడిగినాడు. మా ఇండ్లల్లో పెండ్లాం మొగుడి పేరు పలకతాదా? ఆయనేమో మూటలెత్తను గూడ్సుషెడ్డుకి పోయుండె. పక్కన మరిది ఉంటే, "ఇతన్ని అడుగయ్యా" అని చెయ్యి చూపినాను. "పేరేంది?" అన్నాడు వాడు. మరిది తన పేరు చెప్పినాడు! నాకు అరవ అక్షరం ఎక్కడొచ్చు? చూపిన చోట వేలు పెట్టినాను. నెలనెలా వస్తా ఉంటే కాగితం ఎవరు చూస్తారు? మా తోడికోడలికి తెలిస్తే చీపురెత్తుకుంటుంది.

ఏంది? నా నోటితోనే చెప్పాలా? చావు సర్టిఫికెట్టులో పేరుంది గదా, చూసి దిద్దుకోరాదా? వాంగ్మూలమా? సరే, సరే, కోప్పడొద్దు. వెనక జనం ఉండారు, తెలుసు.

ఒక మాట చెప్తాను, నవ్వొద్దు. ఇందాక "బతికే ఉన్నాడు" అన్నావే, గుండె ఝల్లుమన్నది. పాడె లేస్తా ఉంటే చూసిన కండ్లే ఇవి. అయినా ఒక్క నిమిషం నిజమేనేమో అనిపించింది. ఎంత వెర్రిదాన్నో చూడు! పేరు చెప్తే ఆ కంప్యూటర్లో కూడా పోతాడని ఇంతసేపు నీతో వాదులాడినాను.

ఆ పింఛను లేకుంటే నాకు మందుల్లేవు కణ్ణూ. ఏం చేసేది? రాసుకో.

ఇరుళప్పన్.

వినపడిందా? ఇంకోతూరి చెప్పించొద్దు.

తాగొచ్చినప్పుడు బతిమాలేవాడు, "ఒక్కతూరి పేరు పెట్టి పిలవే" అని. ఛీ, పో అనేదాన్ని. నలభై ఏండ్లు పిలవలేదు. ఇప్పుడు పింఛనుకని పిలిచినాను.