నీళ్లు ముట్టని మున్సిఫ్

ఆర్మూరు యార్డులో పసుపు కుప్ప పక్కన గోనెసంచి పరుచుకొని నీలవ్వ, మనుమరాలు దీక్షిత వేలం కోసం కూర్చున్నారు. రేపు దీక్షిత జడ్జిగా మొదటిసారి కోర్టులో కూర్చోవాలి.

"జూనియర్ సివిల్ జడ్జి అననీకి నా నోరు తిరుగది బిడ్డా. మున్సిఫ్ అనే అంట నేను."

"గా పేరు ఎప్పుడో తీసేసిండ్రు నానమ్మా."

"తీసేస్తే ఏంది? ఇన్సాఫ్, గదే న్యాయం, చేసేటోడు మున్సిఫ్. మొఖం గట్లెందుకు పెట్టినవ్?"

"తీర్పు ఎట్లిచ్చినా ఒకలు తిట్టుకుంటరు. గదే భయమైతుంది."

"ఎనుకట మాకు, పక్క చేనోళ్లకు గట్టు కొట్లాటైతే మున్సిఫ్ చేనుకొచ్చిండు. రెండిండ్లల్ల నీళ్లు గూడ ముట్టలే. ఎండల గట్టు పొడుగూత నడిచిండు. 'నువ్వేమంటవమ్మా' అని నన్ను గూడ అడిగిండు. అప్పటిదాక నన్నెవ్వలు అడగలే."

"గెలిచిన్రా మరి?"

"ఏడ గెలుసుడు? గట్టు జరిపిందే మీ తాత. మున్సిఫ్ ఆ జాగ అవుతలోళ్లకిచ్చిండు. మేమేసిన పసుపు తవ్వుకునేదాక ఆగుమని వాళ్లకు చెప్పిండు."

"తాత తిట్టలేదా?"

"పసుపు తవ్వేదాక తిట్టిండు. తవ్వినంక గట్టు తనే ఎనుకకు జరిపిండు. ఇగ సచ్చేదాక, మున్సిఫంటే గాయనే అన్నడు. గసొంటి తిట్లు నువ్వు గూడ తిను బిడ్డా."