బావిలో బాబాయి పైకొచ్చిన రోజు

అధ్యక్షస్థానంలో కూర్చుని, నేనెంతసేపు మాట్లాడతానోనన్న బెంగతో ఇప్పుడే ఓసారి చేతిగడియారం చూసుకున్న పెద్దాయనకి (నవ్వులు), ఆయన పక్కనే ఉన్న మా కళ్ళజోళ్ళ అన్నయ్యకి, ముందు వరుసలో నా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కాపలా కాస్తున్న మా అత్తయ్యకి, కుర్చీలు చాలక గోడలకి ఆనుకున్న మిత్రులకి, గదిలో చోటు చాలక మెట్లమీదే కూర్చుండిపోయిన కొత్తవాళ్ళకి, అందరికీ నమస్కారం. మెట్లమీదున్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే చెప్పండి, నాకు గొంతు పెంచడం కొత్త కాదు.

నన్ను చాలాసేపు పొగిడారు. రికార్డు మీద సూది దించే మా సూది మాస్టారైతే నన్ను ఏకంగా ఈ గదికి పెద్దదిక్కు అనేశారు. రికార్డు అంచు పట్టుకోకుండా మధ్యలో వేలు పెట్టానని కిందటి నెల ఇదే మాస్టారు ఇదే గదిలో నన్ను ఏమన్నారో నేనిప్పుడు చెప్పను, పెద్దలున్నారు. (నవ్వులు) మొన్న శుక్రవారం ఆసుపత్రిలో మా ఎక్స్‌రే విభాగం వాళ్ళు కూడా వీడ్కోలు సభ పెట్టారు. ఉద్యోగంలో చేరిన రోజునుంచి దిగిపోయే రోజుదాకా నేను జనానికి చెప్పినవి రెండే మాటలు: ఊపిరి బిగబట్టండి, కదలకండి. వారమంతా అందరి ఊపిరీ బిగబట్టించి, ఆదివారం మధ్యాహ్నం ఈ మెట్లెక్కి వచ్చి నా ఊపిరి నేను వదిలేదాన్ని.

కొత్తవాళ్ళ కోసం ఈ గది పుట్టుక చెప్పాలి. కింద అన్నయ్య కళ్ళజోళ్ళ దుకాణం, పైన ఈ గదిలో ఖాళీ ఫ్రేముల పెట్టెలు. అన్నయ్యకి జాజ్, సోల్ లాంటి విదేశీ సంగీతమంటే ప్రాణం, వదినకి అవి వింటే తలనొప్పి, అందుకని రికార్డు ప్లేయరు పెట్టెల మధ్యకి వచ్చి చేరింది. ఒంటరిగా వింటే ఏం బాగుంటుంది చెప్పండి? కళ్ళు పరీక్షించేటప్పుడు, మనం గడ్డం ఆనించి కదలలేని స్థితిలో ఉన్నప్పుడు, ఈ అక్షరం కనబడుతోందా, ఈ అక్షరం కనబడుతోందా అని అడుగుతూ అడుగుతూ, మీకు శాక్సఫోన్ ఇష్టమేనా అని అడిగేసేవాడు. అలా దొరికిపోయినవాళ్ళమే మేమంతా. మా ఆయనకి చదువుకునే కళ్ళజోడు కోసం వచ్చి ఇద్దరం దొరికాం.

మా ఆయన డ్రైవింగ్ నేర్పేవారు. విద్యార్థులకి నెమ్మదిగా, నెమ్మదిగా అని చెప్పీ చెప్పీ తన వాటా నెమ్మదంతా అక్కడే ఖర్చుపెట్టేసేవారు కాబోలు, మిగతా పనులన్నీ పరుగే. తినడం పరుగు, మాట పరుగు, మెట్లు రెండేసి ఎక్కడం. ఎవరింటికి వెళ్ళినా నేను గుమ్మం దగ్గర వెళ్ళొస్తామని చెప్పడం పూర్తయ్యేలోపు ఆయన కిందికి దిగిపోయి తాళాలగుత్తి ఆడిస్తూ ఉండేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ గదికి ఒక కట్టుబాటు ఉంది. రికార్డు తెచ్చినవాళ్ళు దాన్ని ఎంతకి కొన్నారో, అది ఎంత అరుదైనదో చెప్పకూడదు. ఎందుకు తెచ్చారో మాత్రం చెప్పి మాస్టారి చేతికివ్వాలి. సూది దించే హక్కు మాస్టారిది. ఆ మాస్టారే ఒకసారి, పాత రేడియోలు అమ్మే చోటునుంచి, మధ్యలో పేర్లుండే కాగితం పూర్తిగా చిరిగిపోయిన ఒక పెద్ద రికార్డు తెచ్చారు. ఎవరు పాడారో, ఏ భాషో తెలియదు. పెద్ద రికార్డు కదా అని, పెద్దవాటన్నిటినీ తిప్పినట్టే నిమిషానికి ముప్పై మూడు చుట్ల స్పీడులో పెట్టారు. ఒక మగగొంతు వచ్చింది. ఎంత లోతు! ఎంత నెమ్మది! డోలు ఒక దెబ్బ వేసి, రెండో దెబ్బ వెయ్యాలా వద్దా అని ఆలోచించుకునేది. మాలో పెద్దావిడ బాంకు పిన్ని కళ్ళు తుడుచుకుని, పాపం ఎవరో బాబాయి బావిలోంచి పాడుతున్నాడమ్మా అంది. అప్పటినుంచి ఆయన మాకు బావిలో బాబాయి. ప్రతి ఆదివారం ఆఖరిపాట ఆయనదే. ఇది సర్వం పోగొట్టుకున్న మనిషి పాట అని మాస్టారు మాకు ఉపన్యాసం కూడా ఇచ్చారు. ఇచ్చారా లేదా మాస్టారూ? (నవ్వులు) తలూపుతున్నారు.

తర్వాత మా ఆయన పోయారు. గుండె. అందులోనూ పరుగే.

ఇంట్లో నేను ఏడవలేదు, అత్తయ్య ముందు ఏడిస్తే ఆవిణ్ణి పట్టుకునేవాళ్ళెవరని. ఆదివారం వచ్చి ఆ మూల కుర్చీలో కూర్చుంటే, బావిలో బాబాయి నా బదులు ఏడ్చిపెట్టేవాడు. వీళ్ళెవరూ నన్నొక్క మాట అడిగేవారు కాదు. పాట అయ్యాక పిన్ని టీ గ్లాసు నా చేతిలో పెట్టి చెయ్యి అలాగే ఉంచేది. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ గది. అందుకే ఈ గదికి వచ్చిన ఆపద నాకు మామూలు ఆపద కాదు.

ఆపద ఎక్కణ్ణుంచి వచ్చింది? అధ్యక్షులవారు నేలచూపులు చూస్తున్నారు, ఆయనకి తెలుసు. (నవ్వులు) ఊళ్ళో ఆయన నడిపే పెద్ద సంగీతం క్లబ్బుకి మమ్మల్ని పిలిచారు, మీ రికార్డొకటి తెచ్చి వినిపించండి అని. అక్కడ మఖమల్ కుర్చీలు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ప్లేయరు. మేం ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బావిలో బాబాయిని పొత్తిళ్ళలో బిడ్డలా తీసుకెళ్ళాం. మాస్టారు నిలబడి సర్వం పోగొట్టుకున్న మనిషి ఉపన్యాసం ఇచ్చారు. పాట మొదలైంది. అధ్యక్షులవారు కాస్త విని, దగ్గి, వంగి, స్పీడు పెంచే మీట నొక్కారు.

బాబాయి మాయమైపోయాడు. ఒక ఆడపిల్ల! గలగలా, పకపకా, ఊపిరాడనివ్వకుండా పాడేస్తోంది. డోలు పరుగో పరుగు. ఇది పెద్ద సైజులో చేసిన నలభై ఐదు స్పీడు రికార్డండీ, ఇలాంటివి ఉంటాయి, పొరపాటు సహజం అని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు. హాలంతా నవ్వింది. నవ్వరూ మరి? ఆయన నవ్వి ఉంటే నాకు ఇంత మండేది కాదు. ఆ మర్యాదకి మండింది.

ఆ వచ్చే ఆదివారం ఈ గదికి ఎవరూ రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. అన్నయ్య ఒకరోజు మా ఇంటికొచ్చి రికార్డు సంచీ నా చేతికిచ్చాడు. “నీ దగ్గరే ఉంచమ్మా, నాకు దాని మొహం చూడబుద్ధి కావట్లేదు. నెలాఖరుకి ఆ గదిలో మళ్ళీ పెట్టెలు సర్దేస్తాను” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే పోట్లాడేదాన్ని.

వాళ్ళందరికీ సిగ్గు. నాకు సిగ్గు కాదు, కడుపుమంట. నా ఏడుపంతా తీసుకెళ్ళి ఎవరో పిల్ల గంతులేసే పాటకి ధారపోశానా అని. ఇంక ఈ మెట్లెక్కకూడదనుకున్నాను, పెట్టెలే సర్దుకోనీ అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, అసలు ఈవిడగారి సంగతేమిటో తేల్చుకుందామని, మా ఇంటి ప్లేయరు మీద నలభై ఐదులో పెట్టి సౌండు బాగా పెంచాను. అత్తయ్య అవతల గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఆవిడకి మన సంగీతం ఎప్పుడూ గోలే. సగం మడిచిన తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తిడతారనుకుని తగ్గించబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

“ఉండవే. వాడు మెట్లెక్కి వస్తున్నట్టుంది కదే” అన్నారు.

విన్నాను. డోలు రెండేసి మెట్లు ఎక్కుతోంది. దానిమీద ఆ ఇత్తడి పళ్ళేల గలగల ఉంది చూశారూ, అచ్చం తాళాలగుత్తే. నేనింతకాలం ఏ పాట పక్కన కూర్చుని ఆయన్ని తలుచుకున్నానో, ఆ నెమ్మది పాటలో ఆయన ఎక్కడా లేరు. అందులో ఉన్నది నేను, నా దుఃఖం. మా ఆయన జన్మలో ఏ పనీ అంత నెమ్మదిగా చెయ్యలేదు! “ఇంకోసారి పెట్టు” అన్నారు అత్తయ్య. పెట్టాను. ఇద్దరం నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం, బట్టలన్నీ మళ్ళీ మడతపెట్టుకోవలసి వచ్చింది.

ఆ సాయంత్రమే అందరికీ ఫోన్లు చేశాను. ఆదివారం మీరు రాకపోతే ప్లేయరు పట్టుకుని మీ ఇళ్ళకే వచ్చేస్తానని బెదిరించాను. వచ్చారు, మొహాలు వేలాడేసుకుని. ముందు ముప్పై మూడులో పెట్టించాను, తర్వాత నలభై ఐదులో. మా కట్టుబాటు ప్రకారం ఎందుకు తెచ్చానో చెప్పాలి కదా, అత్తయ్య అన్న మాట చెప్పాను. మాస్టారు “అయితే నేను చెప్పిందంతా తప్పేనా?” అన్నారు. “తప్పెందుకవుతుంది మాస్టారూ? మీరు చెప్పింది ఆవిడ గురించి కాదు, మన గురించి” అన్నాను.

అప్పుడు, అయ్యలారా అమ్మలారా, మోకాళ్ళ నొప్పులని ఏనాడూ కుర్చీ వదలని బాంకు పిన్ని లేచింది! లేచి చీర చెంగు బిగించి గంతేసింది. (చప్పట్లు) ఆవిడ్ని చూసి అన్నయ్య, అన్నయ్యని చూసి మాస్టారు. కింద దుకాణంలో అద్దాలు గలగలలాడాయట. పైకప్పు కూలుతోందేమోనని చూడ్డానికి వచ్చిన ఇద్దరు గిరాకీలు తిరిగి వెళ్ళలేదు, ఇదిగో ఆ కిటికీ దగ్గరున్నారు. పెట్టెలు ఈ గదిలోకి మళ్ళీ రాలేదు.

ఇంకా ఉంది. ఆ పై వారం ఈ మెట్లమీద అడుగుల చప్పుడైతే చూశాం. అధ్యక్షులవారు! వెనకాల పెద్ద క్లబ్బువాళ్ళు నలుగురైదుగురు. గుమ్మంలో నిలబడి నసిగి నసిగి, ఆ నెమ్మది పాట మర్చిపోలేకపోతున్నామండీ, ఒక్కసారి తప్పు స్పీడులో వినిపిస్తారా అని అడిగారు. (పెద్దగా నవ్వులు, చప్పట్లు) వినిపించాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ కళ్ళజోడు పాతబడిందని చెప్పి మా అన్నయ్య అదే రోజు కొత్తది అంటగట్టాడు, అది వేరే సంగతి. (నవ్వులు) ఇప్పుడు మీరంతా కూర్చున్న మఖమల్ కుర్చీలు ఎక్కడివనుకున్నారు? గెలిచాం అంటే ఇలా గెలిచాం. మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళు మాతో కలిసి నవ్వడానికి కుర్చీలతో సహా వచ్చేశారు.

మా చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నాం, నేనూ అత్తయ్యా. వాళ్ళ మేడమీద ఒక గది ఖాళీగా ఉంది. దానిమీద నా కన్ను పడిందని చెల్లెలికి ఇంకా తెలియదు, ఎవరూ చెప్పకండి. ఈ గది తాళం ఇవాళ్టినుంచి బాంకు పిన్నిది. బావిలో బాబాయిని నాకే బహుమతిగా ఇస్తామన్నారు మీరు. మీ మనసు పెద్దది, కానీ వద్దు. అది ఇక్కడే ఉండాలి. ఏ ఆదివారమో నాలాంటిదొకతె వచ్చి ఆ మూల కుర్చీలో కూర్చుంటుంది. ఆవిడకి ముప్పై మూడులో పెట్టండి, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. తొందరపెట్టకండి. కాని నలభై ఐదు ఒకటుందని ఆవిడకి ఏదో ఒకరోజు చెప్పండి.

ఓపిగ్గా విన్నందుకు అధ్యక్షులవారికి, గదిచ్చిన అన్నయ్యకి, తలనొప్పి ఓర్చుకున్న వదినకి, నా చేతిలో చెయ్యి పెట్టిన పిన్నికి, మీ అందరికీ కృతజ్ఞతలు. వెళ్ళడం నాకు ఇష్టం లేదు, దాచుకోవడం దేనికి. అయినా వెళ్తాను. ఉద్యోగమంతా కదలకండి, కదలకండి అని చెప్పాను. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారూ, సూది దించండి. నలభై ఐదులో. అందరూ లేవండి, ఊపిరి వదలండి, కదలండి. మెట్లమీదున్నవాళ్ళు కాస్త దారివ్వండి.

అత్తయ్యా, పదండి. మీ అబ్బాయి ఈపాటికే కిందికి దిగిపోయి తాళాలు ఆడిస్తూ ఉంటారు. సెలవు.