అన్ని ఫోటోలూ ఒకే సైజు

ఏంటండీ, పొద్దున్నే ఆ ఇస్త్రీ చొక్కా? పెళ్ళికేమైనా బయల్దేరారా? నాతోపాటు బస్సెక్కి ఆఫీసుకేనా? వద్దని నిన్ననే చెప్పాను కదా. నా మాట చెవిన పెడితేనా!

ఒక్క నిమిషం ఆగండి. కూర్చోండి. పోనీ నిలబడే వినండి, నాకేం? గుండీలు పెట్టుకుంటూ వినండి.

సారు కాళ్ళా వేళ్ళా పడితే మళ్ళీ రమ్మంటాడనుకుంటున్నారా? ఎందుకు రమ్మంటాడు? అక్కడ పనుంటే కదా! ఇప్పుడు ఫోటోలు కత్తిరించేది మనుషులు కాదు. నేనూ కత్తిరించట్లేదు. గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటున్నా, అంతే.

అలా చూడకండి. అవును, ఆ కిటుకు కనిపెట్టింది నేనే. ఎన్నిసార్లు ఒప్పుకోమంటారు?

అసలా పని నాకు నేర్పింది మీరు. ఫోటో తెరువు, పిల్ల మొహం చుట్టూ గడి గీయి, తల పైన కాస్త ఖాళీ ఉంచు, భుజాలు పోకుండా చూడు, కత్తిరించు, దాచు, తర్వాతది తెరువు. స్కూలు పిల్లల ఐడీ కార్డులో గడి ఒకటే సైజు. ఫోటో తీసేవాడేమో ఒకణ్ణి దగ్గర్నించి తీస్తాడు, ఇంకొకణ్ణి వీధి చివర నిలబెట్టినట్టు తీస్తాడు. అందర్నీ తెచ్చి ఆ గడిలో కుదించాలి. స్కూలు తర్వాత స్కూలు. నాకు నిద్దట్లో కూడా గడులే కనిపించేవి, తెలుసా మీకు?

మీకేమో అదో సరదా. "ఏరా బుజ్జిగా, ముందు పళ్ళెవరెత్తుకుపోయార్రా?" అని ఫోటోతో కబుర్లు. "ఇదిగో, ఈ పిల్ల ఏడ్చొచ్చింది చూడు, పాపం" అని నా మోచెయ్యి పట్టుకుని లాగడం. నేను చూసేదాన్ని కాదు. ఊఁ అనేదాన్ని. నా కళ్ళు గడియారం మీదుండేవి.

సాయంత్రానికి మీ భుజం పట్టేసేది. మందు రాసేది ఎవరు? నేనేగా. అదిగో, ఆ భుజం చూడలేకే ఏదైనా దారుంటుందేమోనని వెతికాను. వెతికితే దొరికింది. ఒక ఫోటో కత్తిరిస్తూ, చేసిందంతా కంప్యూటర్ చేత గుర్తు పెట్టించాను. మిగతా ఫోల్డరు మొత్తానికీ అదే చెయ్యమన్నాను. టీ తాగి వచ్చేసరికి స్కూలంతా అయిపోయింది!

మొదటిసారి ఏమైందో గుర్తుందా? అన్నిటికీ ఒకే చోట గడి గీస్తుంది కదా, పొడుగు పిల్లలకి నుదుళ్ళు లేవు. పొట్టి పిల్లలకి తల మీద ఆకాశమంత ఖాళీ, కింద గడ్డం దాకానే మనిషి. మీరు కుర్చీలోంచి పడేలా నవ్వారు. "పోన్లేవే, నీకిది అచ్చిరాదు" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. పొడుగువాళ్ళొక ఫోల్డరు, పొట్టివాళ్ళొక ఫోల్డరు చేసి మళ్ళీ తోలాను. ఆ తర్వాత మొహం ఎక్కడుందో దానంతటదే వెతుక్కునే ప్రోగ్రాం పట్టాను. ఇంకేముంది? తిరుగులేదనుకున్నాం.

అయినా తప్పులు చేసింది కదా! ఒక ఫోటోలో వెనక గోడ మీద క్యాలెండరు. అందులో పాలసీసా పట్టుకున్న పాప బొమ్మ. కింద నిలబడ్డ పిల్లాణ్ణి వదిలేసి ఆ పాపని కత్తిరించి పెట్టింది. పేరు పిల్లాడిది, మొహం క్యాలెండరుది. పట్టుకున్నది మీరు. నాకు చూపిస్తే నేనేమన్నాను? "సైజు సరిగ్గానే ఉందిగా" అన్నాను.

సారు సరిగ్గా అప్పుడే మన వెనక నిలబడున్నాడు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే, "కత్తిరించడం అది చూసుకుంటుంది. ఇలాంటివి పట్టుకోవడానికి ఒక్క మనిషుంటే చాలు కదా" అన్నాడు.

తప్పులు పట్టుకునే పని. ఎవరికి రావాలండీ అది? మొహాలు చూసిన వాళ్ళకి రావాలి. మీకూ తెలుసు. అందుకే కదూ ఈ చొక్కా? "చూసే పని మా ఆవిడకంటే నాకే బాగా వచ్చు సార్, పోనీ ఇద్దర్నీ చెరో పూట పెట్టుకోండి" అని అడుగుదామని. అద్దం ముందు అనుకుంటుంటే విన్నాన్లెండి.

అడగడంలో తప్పు లేదు. న్యాయమే. కానీ ఆయన చెప్పే జవాబు మీరు ఆయన నోట వినకూడదు. అందుకే పట్టుకుని ఆపుతున్నా.

మీరేమో ఆయన కావాలనే మిమ్మల్ని తీసేశాడని అందరికీ చెప్పుకుంటున్నారు. మా అక్కతో కూడా అదే అన్నారు. ఆడమనిషైతే నోరెత్తదని మా ఆవిణ్ణి పనిలో ఉండనిచ్చాడు అని. నేను పక్కనే కూర్చుని తలూపాను. పైగా, "పోనీలెండి, భుజానికి కాస్త విశ్రాంతి" అని సర్దిచెప్పాను కూడా. ఎంత బాగా చెప్పానో! నాకే నమ్మకం కుదిరింది.

ఆయన ఎవర్నీ తీసెయ్యలేదండీ.

నన్ను గదిలోకి పిలిచి, "అమ్మా, భార్యాభర్తల మధ్య నేను దూరను. మీరిద్దరూ ఇంట్లో మాట్లాడుకుని, ఎవరుంటారో రేపు చెప్పండి" అన్నాడు. రేపే అన్నాడు. మీతో మాట్లాడే రమ్మన్నాడు. ఆయన నోట్లో మాట నోట్లో ఉండగానే, "నేనుంటానండీ" అన్నాను.

ఆయనే కంగారుపడ్డాడు. "ఆయన్ని అడగరా?" అన్నాడు. "అడగక్కర్లేదు" అన్నాను. ఇంటికొచ్చి మీతో మాత్రం, ఆయనే మిమ్మల్ని వద్దన్నాడని చెప్పాను.

ఎందుకంటే ఏం చెప్పను? మీ మీద కోపమా అంటే, లేదు. మీరు నన్ను పల్లెత్తు మాటన్నది లేదు. పొద్దున్న లేస్తే మీరు. బస్సులో పక్కన మీరు. ఆఫీసులో పక్క కుర్చీలో మీరు. డబ్బా విప్పితే ఎదురుగా మీరు. ఇంటికొస్తే మళ్ళీ మీరు. మీరు లేని చోటు ఒకటి, ఎక్కడో ఒకటి, కావాలనిపించింది. మీకెప్పుడూ అలా అనిపించలేదా? అనిపించి ఉండదు. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది.

కావాలంటే తిట్టండి.

ఆ రోజు గదిలోంచి బయటికొస్తుంటే ఏడుపొస్తుందేమో అనుకున్నా. మెట్ల దగ్గర కాసేపు నిలబడి చూశా. రాలేదు. ఇప్పుడూ రావట్లేదు, మీరు చూస్తూనే ఉన్నారు.

మర్నాడు వెళ్ళి కూర్చున్నా. పక్కన మీ కుర్చీ ఖాళీ. ఎవరైనా తీసుకుపోతారేమో, అడుగుతారేమో అని చూశా. ఎవరూ రాలేదు. దాని మీద నా బ్యాగు పెట్టుకుని, ఫోల్డరు తెరిచా.

బాగానే ఉందండీ. అదే చెబుతున్నా మీకు. బాగానే ఉంది.