వాగొడ్డుకు ఏ చెట్టు

వరసగా రెండో ఏడు వానల్లేవు. బొల్లాపల్లి పక్క వాగొడ్డున మేకలు కాస్తున్న పెద్దామెను ఫారెస్టు గార్డు పలకరించాడు.

“పెద్దమ్మా, ఈ వాగొడ్డున వరదకూ కరువుకూ తట్టుకుని నిలబడ్డ చెట్లేవి?”

“ఎందుకయ్యా? చెప్తే కంచె వేసి మమ్మల్ని రానీకుండా చేద్దామనా?”

“కాదు. వాటినే ఇక్కడ నాటాలని.”

“పోయినసారి కూడా ఒకాయన ఇట్టాగే తియ్యగా మాట్లాడి జామాయిల్ పెట్టించాడు. అవి నీళ్లన్నీ పీల్చేసి వాగులో ఊట ఎండిపోయింది. ఆయన మళ్లీ కనపళ్ళేదు.”

“ఆయన మా ఆఫీసరు. గుంటలు తవ్వించింది మాత్రం నేనే.”

“నువ్వా?”

“నేనే. అందుకే ఈసారి నిన్ను అడిగి నాటుదామని వచ్చా.”

ఆమె చేతికర్రతో ఒడ్డున మిగిలిన చెట్లను చూపించింది.

“ఏరుమద్ది, నేరేడు, కానుగ. విత్తనాలు నేనే ఏరి ఇస్తా. నాటేటప్పుడు మాత్రం పక్కనే నిలబడతా. నీ మీద నాకింకా నమ్మకం కుదర్లేదు.”